జట్టు విడిచినవాడు ద్రోహియా?

ఉద్యోగపర్వమున అర్జునుడును దుర్యోధనుడును ఒకే దినమున ద్వారకకు పోయిన కథ మన విద్యార్థు లందరు ఎరిగినదే. ఇద్దరును యుద్ధమునకు తోడు కోరి వచ్చినవారే. శ్రీకృష్ణుడు ఆయుధము పట్టని తన్ను ఒకవైపునను, పోరాటమున ఆరితేరిన గోపాలసేనను మరియొకవైపునను నిలిపి, కోరుకొను మొదటి అవకాశమును చిన్నవాడైన అర్జునున కిచ్చెను. అర్జునుడు సారథిని కోరుకొనెను. సేన యంతయు తనకు దక్కినదని దుర్యోధనుడు పొంగిపోయెను. ఎవరి కోరిక మేలైనదో తేలుటకు కురుక్షేత్రము వరకు ఆగవలసివచ్చెను.

ప్రతి సంవత్సరము అక్టోబరు నెలలో ఆస్ట్రేలియా దేశమున ఇట్టి ఉద్యోగపర్వ మొకటి నడచును. ఆ దేశీయులు తమ సొంతమని గర్వముతో చెప్పుకొను ఫుట్‌బాలు ఆట యొకటి కలదు. దాని అంతిమపోటీ సామాన్యముగా సెప్టెంబరు చివర జరుగును. అది ముగిసిన కొద్ది దినములకే ఆటగాండ్ర మార్పిడి ప్రారంభమగును. ఏ జట్టు ఎవరిని తెచ్చుకొన్నది, ఎవరిని పోగొట్టుకొన్నది, వచ్చినవానిని మైదానమున ఎచట నిలుపవలెను అను చర్చలతో మెల్‌బోర్న్ నగరము మారుమ్రోగును. ఆ చర్చలలో మిక్కిలి చులకనగా దొరలు మాట 'ద్రోహి'. జట్టు విడిచిన ఆటగానికి అభిమానులు పెట్టు పేరది. ఆ మాట అన్యాయమైనదనియు, దానివలన ఆటను అర్థము చేసికొనుటయే తప్పుదారి పట్టుచున్నదనియు నా అభిప్రాయము. నేను ఆ నగర పశ్చిమభాగమునకు చెందిన వెస్టర్న్ బుల్‌డాగ్స్ జట్టు అభిమానిని. పూర్వము దానిని ఫుట్‌స్క్రే జట్టనెడివారు. ఆ పక్షపాతము నా మాటలలో కనబడినచో పాఠకులు దానిని తీసివేసి చదువుకొందురుగాక.

ముందుగా ఆటను గూర్చి నాలుగు మాటలు. మైదానము కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. ఒక్కొక్క పక్షమున 18 మంది ఆడుదురు. ఇరుకొసలను నాలుగేసి స్తంభములుండును. నడిమి రెండింటి మధ్యగా తన్నిన బంతికి 6 పాయింట్లు. ప్రక్క స్తంభముల సందున పోయిన బంతికి ఒక్కటియే. బంతిని విసరరాదు. కాలితో తన్నవలెను, లేదా ఒక అరచేత నుంచుకొని రెండవచేతి పిడికిటితో గుద్ది తోడివాని కందింపవలెను. 15 మీటర్లకు తక్కువకాని దూరము వచ్చిన బంతిని నేల తాకకముందే పట్టుకొన్నవానికి ఎవరి అడ్డును లేకుండ తన్ను హక్కు లభించును. ఎదుటివాని భుజములమీది కెగిరి బంతిని అందుకొను దృశ్యమును ఒక్కసారి చూచినవారు మరువజాలరు.

ఉపాధ్యాయులకు ప్రీతి కలిగింపదగిన విషయ మొకటి కలదు. ఈ ఆట మొలకెత్తిన నేల బడి పిల్లల ఆటస్థలమే. 1858 జూలైలో టామ్ విల్స్ అను క్రికెట్ క్రీడాకారుడు, చలికాలమున తమవారి దేహదార్ఢ్యము సడలకుండుటకు ఫుట్‌బాలు సంఘమొకటి కావలెనని ఒక పత్రికకు లేఖ వ్రాసెను. ఆ ఆగస్టు 7వ తేదీని స్కాచ్ కాలేజీ, మెల్‌బోర్న్ గ్రామర్ అను రెండు పాఠశాలలవారు పక్షమునకు 40 మంది చొప్పున తలపడిరి. మూడు శనివారములు ఆడినను చెరియొక గోలు తప్ప దక్కక, ఆట సమమై నిలిచెను. 1859 మే నెలలో మెల్‌బోర్న్ క్లబ్బువారు నియమములను వ్రాసి ప్రకటించిరి. నేడు ఆ నగర పశ్చిమ శివారులలో స్థిరపడిన తెలుగు కుటుంబము లెన్నియో కలవు. కావున ఈ వివాదము మనకు కేవలము పరాయివారి గొడవ కాదు.

పూర్వము ఆటగానికిని జట్టునకును గల బంధము పుట్టిన పేట బంధమే. 1897లో ఎనిమిది క్లబ్బులతో విక్టోరియా లీగు పోటీలు ఆరంభమైనప్పుడు కాలింగ్‌వుడ్, కార్ల్‌టన్, ఫిట్జ్‌రాయ్, ఎసెండన్ అనునవి నగరములోని పేటల పేర్లు. 1915 నుండి నగరమును హద్దులు గీసి పంచిరి. ఏ హద్దులోని యువకుడు ఆ హద్దుకు చెందిన జట్టుననే ఆడవలెను. దూరమునుండి చూచువారికి ఈ ఏర్పాటు ముచ్చటగొల్పును. మనవాడు మన జట్టులో ఆడుచున్నాడను సంతోషమునకు వెల కట్టగలమా? కాని ఆటగాని వైపునుండి చూచినచో అది కట్టుగొయ్యవంటిది. 1930లో లీగువారు ఆట ఒక్కంటికి 3 పౌనులకు మించి ఇయ్యరాదని శాసించిరి. ఆ యేటనే హేడన్ బంటన్ అను యువకునకు ఫిట్జ్‌రాయ్ క్లబ్బు నియమమును మీరి డబ్బిచ్చినదని తేలగా, ఆ సంవత్సర మతడు లీగులో ఆడుటకు వీలులేకపోయెను. మరుసటి యేట ఆడి, ఆ మొదటి యేటనే అత్యుత్తమ క్రీడాకారున కిచ్చు బ్రౌన్లో పతకమును పొందెను. వేలాది ప్రేక్షకులను రప్పించు ఆటగాడు తన శ్రమకు వెల అడిగినచో దోషి యయ్యెను. విధేయత యను మాట ఆనాడు ఎవరికి లాభకరమైనదో ఆలోచింపుడు.

జట్టును విడుచుటను గూర్చి మాటలాడువారు రాన్ బరాసీ కథను చెప్పక మానరు. అతని తండ్రియు మెల్‌బోర్న్ జట్టువాడే. 1940లో విజయము పొందిన జట్టున ఆడి, 1941లో టోబ్రుక్ యుద్ధరంగమున ప్రాణములు విడిచెను. తండ్రి ఆడిన జట్టున కుమారు డాడవచ్చునను వెసులుబాటుతో పిల్లవాడును ఆ జట్టుననే చేరెను. శిక్షకుడు నార్మ్ స్మిత్ ఆ పిల్లవానిని తన యింట నుంచుకొని తీర్చిదిద్దెను. మెల్‌బోర్న్ జట్టు అతనితో ఆరు పర్యాయములు విజేత యయ్యెను. అట్టి బరాసీ 1964 విజయము ముగిసిన వెంటనే, ఆటగాడుగను శిక్షకుడుగను ఉండుటకు కార్ల్‌టన్ క్లబ్బున చేరెను. అభిమానులు నిర్ఘాంతపోయిరి. తరువాత 57 ఏండ్లు, అనగా 2021 వరకు, మెల్‌బోర్న్ జట్టునకు విజయము దక్కలేదు. బరాసీ పోవుటచేతనే జట్టు పాడైనదని నేటికిని చెప్పువారున్నారు.

ఇది తొందరపాటు తీర్పు. బరాసీ వెడలిన తరువాతి యేట, 1965లో, మెల్‌బోర్న్ జట్టు మొదటి ఎనిమిది ఆటలను వరుసగా గెలిచినది. నాయకుడు పోయినను నేర్చిన విద్య పోలేదు. ఆ యేట జూలైలో క్లబ్బు పెద్దలు నార్మ్ స్మిత్‌నే తొలగించిరి. కొన్ని దినములలోనే పొరపాటు గ్రహించి మరల పిలిచిరి గాని, విరిగిన మనస్సు అతుకలేదు. 1987 వరకు ఆ జట్టు చివరి పోటీల గడపయైన త్రొక్కలేదు. సేనాని పోయినపుడు నిలిచిన జట్టు, గురువు నవమానించినపుడు కూలినది. ఆ దీర్ఘ పతనమునకు ఇతర కారణములును ఉండవచ్చును; కాని మొదటి ఎనిమిది విజయములను మరచి నింద నంతయు వెడలిపోయినవాని తలపై మోపుట న్యాయము కాదు.

కాలక్రమమున సంకెలలు సడలినవి. 1972లో పదేండ్లు ఒకే క్లబ్బున ఆడినవాడు ఇష్టము వచ్చిన చోటికి పోవచ్చునని నియమము వచ్చినది. నార్త్ మెల్‌బోర్న్ క్లబ్బు వెంటనే డగ్ వేడ్, బ్యారీ డేవిస్, జాన్ రాంటల్ అను పేరొందిన ముగ్గురిని చేర్చుకొని, బరాసీని శిక్షకునిగా పిలిచి, 1975లో తన మొట్టమొదటి విజయమును సాధించెను. భయపడిన లీగువారు ఆ నియమమును అంతకు ముందే రద్దు చేసిరి. 1982లో సౌత్ మెల్‌బోర్న్ క్లబ్బు సిడ్నీ నగరమునకు తరలిపోయినప్పుడు, సిల్వియో ఫోస్కినీ అను ఆటగాడు ఆ జట్టును వీడి మెల్‌బోర్న్‌లోని సెయింట్ కిల్డా జట్టున ఆడగోరి న్యాయస్థానమున కెక్కెను. క్లబ్బు ఊరు మారవచ్చును గాని ఆటగాడు క్లబ్బు మారరాదట! 1983లో విక్టోరియా సుప్రీంకోర్టు లీగు నిబంధనలు మనుష్యుని జీవనోపాధికి అనుచితమైన అడ్డంకి యని తీర్పు చెప్పినది.

అటుతరువాత జీతముల మొత్తమునకు పరిమితియు, 1986లో డ్రాఫ్టు అను పద్ధతియు వచ్చినవి. డ్రాఫ్టనగా కొత్త ఆటగాండ్రను క్లబ్బులు వరుసగా ఎంచుకొనుట. గత సంవత్సరము అట్టడుగున నిలిచిన జట్టునకు మొదటి అవకాశము, విజేతకు చివరి అవకాశము ఇచ్చుట దీని మూలసూత్రము. ద్వారకలో చిన్నవానికి మొదటి కోరిక ఇచ్చిన ధర్మమువంటిదే యిది. ధనముగల క్లబ్బు ఎల్లకాలము గెలువరాదను ఈ సంకల్పమును నేను మనసార మెచ్చుకొందును. కాని దీని భారమును మోయువా డెవడు? పదునెనిమిదేండ్ల పిల్లవాడు. పెర్త్ నగరమున పెరిగినవాడు ఖండమునకు ఆవలి కొసనున్న బ్రిస్బేన్‌కు పోవలసిరావచ్చును. తన క్లబ్బును తా నెంచుకొనని పిల్లవానిని, కొన్నియేండ్ల తరువాత ఇంటికి మరలగోరినంతనే ద్రోహి యనుట ఏ న్యాయము? ఎంచుకొనని బంధమునకు ద్రోహ మెక్కడిది? 2012 చివర, ఎనిమిదేండ్లు ఒకే క్లబ్బునకు సేవచేసినవారికి స్వేచ్ఛగా వెడలు హక్కును కొన్ని షరతులతో ఇచ్చిరి. అది దయాదత్తము కాదు. ఆలస్యముగా చెల్లిన బాకీ.

ఏరు దాటి తెప్ప తగులబెట్టినాడని ఆటగానిని నిందించువారు, అదే పనిని క్లబ్బులు చేసినపుడు మౌనము వహింతురు. 2020 చివర కాలింగ్‌వుడ్ క్లబ్బు, జీతముల పరిమితి ఒత్తిడిచేత, 2018 అంతిమపోటీ ఆడిన ముగ్గురిని ఒకే మార్పిడి ఋతువున పంపివేసెను. వారిలో ఆడమ్ ట్రెలోర్‌కు ఒప్పందము ఇంకను ఐదేండ్లు మిగిలియున్నది. అతడు ఉండవలెననియే కోరెను. అయినను పోవలసివచ్చెను. మా బుల్‌డాగ్స్ జట్టునకు వచ్చిన అతనిని మేము చేతులు చాచి ఆహ్వానించితిమి. కాలింగ్‌వుడ్‌వారి లెక్క వారికున్నది. 2023లో వారు విజేతలును అయిరి. నేను చెప్పునది ఒక్కటే. క్లబ్బు పంపినచో వ్యూహము, ఆటగాడు పోయినచో ద్రోహము అను రెండు తూకపురాళ్ళు ఒకే అంగడిలో ఉండరాదు.

ఇక తెచ్చుకొనుట మాట. కలసివచ్చు కాలమునకు నడచివచ్చు కొడుకు పుట్టునని మన పెద్దల సామెత. ప్రతి అభిమానియు అక్టోబరులో ఈ నడచివచ్చు కొడుకుకొరకే కాచుకొని యుండును. పొరుగింటి పుల్లకూర రుచి యనుటయు ఇచట చెల్లును. లాన్స్ ఫ్రాంక్లిన్ హాథోర్న్ జట్టున రెండుసార్లు విజయము చవిచూచిన మహాక్రీడాకారుడు. 2013 చివర సిడ్నీ జట్టువారు తొమ్మిదేండ్లకు సుమారు కోటి డాలర్ల ఒప్పందముతో అతనిని చేర్చుకొనిరి. మరుసటి యేట అంతిమపోటీలో ఆ రెండు జట్లే ఎదురుపడినవి. ఫ్రాంక్లిన్‌ను పోగొట్టుకొన్న హాథోర్న్ 63 పాయింట్లతో గెలిచినది. 2015లో మరల గెలిచినది. సిడ్నీ పక్షమున అతడాడిన అంతిమపోటీ లన్నియు ఓటములే. అంతకు పూర్వము 2010 చివర గ్యారీ ఆబ్లెట్ జీలాంగ్‌ను వీడి గోల్డ్‌కోస్టు చేరగా, 2011లో జీలాంగ్ విజేత యయ్యెను. దీనినిబట్టి ఫ్రాంక్లిన్ ఒప్పందము వ్యర్థమని నేననను. 2022లో అతడు తన వేయవ గోలు కొట్టిన రాత్రి సిడ్నీ ప్రేక్షకులు వేలకొలది మైదానములోనికి పరుగెత్తుకొనివచ్చిరి. ఆ యానందమును పాయింట్లతో కొలువలేము. కాని ఒక్కనిని కొని విజయమును కొంటిమనుకొనుట మాత్రము దుర్యోధనుని సంతోషమే.

విజయము నిచ్చునది సారథ్యము. ఇందుకు ఈ ఆట చరిత్రయే సాక్షి. 1970 అంతిమపోటీని 1,21,696 మంది చూచిరి. ఆట సగమైనప్పుడు కాలింగ్‌వుడ్ 44 పాయింట్లు ముందున్నది. అప్పుడు కార్ల్‌టన్ శిక్షకుడైన బరాసీ, బంతిని పిడికిటితో గుద్ది తోడివాని కందించుచు వేగముగా ముందుకు సాగుడని తనవారిని ఆదేశించెను. అంతవరకు చేతి అందింపు అనేకులకు గత్యంతరము లేనపుడు చేయు పని. ఆనాటినుండి అది ఆయుధమైనది. కార్ల్‌టన్ 10 పాయింట్లతో గెలిచెను. రెండవ భాగమునకు కొత్త మనుష్యు లెవరును ఆకాశమునుండి ఊడిపడలేదు. ఒక్క ప్రత్యామ్నాయపు ఆటగాడు దక్క, ఉన్నవారే మరియొక రీతిగ నాడిరి.

2000లో ఎసెండన్ జట్టు వరుసగా 20 ఆటలు గెలిచి, ఎదురులేక సాగుచుండెను. మా శిక్షకుడు టెర్రీ వాలెస్ తనవారి నందరిని వెనుకకు రప్పించి, ఎసెండన్ గోలు కొట్టుచోటును జనముతో నింపివైచెను. వారి మేటి ఆటగాండ్రకు కాలుకదుప సందు దొరకలేదు. మేము 11 పాయింట్లతో గెలిచితిమి. ఆ సంవత్సరము ఎసెండన్ ఓడిన ఆట అదొక్కటే. 2008లో హాథోర్న్ శిక్షకుడు అలస్టర్ క్లార్క్‌సన్, ఎదుటి మనిషిని కాక ఖాళీ చోటును కాపాడుట నేర్పెను. పదునెనిమిది మందియు వలవలె అల్లుకొని బంతి వెంట జరుగుదురు. అంతకు ముందు సంవత్సరమంతయు దాదాపు ఓటమి నెరుగని జీలాంగ్ అంతిమపోటీలో 26 పాయింట్లతో ఓడినది. వలలో ఒక్క కన్ను తెగినను చేప జారిపోవును. అందుచేత ఇట్టి పన్నుగడలో అందరికన్న గొప్పవాని విలువ ఎంతయో, చివరివాని విలువయు అంతయే.

పై మాటలన్నింటికిని నా జట్టు కథయే ఉదాహరణము. 2014 అక్టోబరులో బుల్‌డాగ్స్ నాయకుడు రయాన్ గ్రిఫెన్ తన్ను సిడ్నీ నగరపు జయంట్స్ జట్టునకు పంపుమని కోరెను. కొన్ని దినములలోనే శిక్షకుడును వెడలిపోయెను. నాయకుడు లేడు, గురువు లేడు. క్లబ్బు పని ముగిసినదని పలువు రనిరి. గ్రిఫెన్‌కు బదులుగా వచ్చినవాడు టామ్ బోయిడ్. అంతకు ముందటి డ్రాఫ్టులో మొట్టమొదట ఎంపికైనవాడు, ఇంకను ఇరువదేండ్లు నిండనివాడు. ఏడేండ్లకు దాదాపు 70 లక్షల డాలర్ల ఒప్పందము! కొత్త శిక్షకుడుగా ల్యూక్ బెవరిడ్జ్ వచ్చెను.

2016లో మా జట్టు పట్టికలో ఏడవ స్థానమున నిలిచి చివరి పోటీలలో చేరెను. పెర్త్ పోయి గెలిచెను. మూడేండ్లుగా విజేతయైన హాథోర్న్‌ను ఓడించెను. గ్రిఫెన్ చేరిన జయంట్స్‌నే వారి చోట 6 పాయింట్లతో జయించెను. అంతిమపోటీలో సిడ్నీని 22 పాయింట్లతో ఓడించి, 1954 తరువాత మొదటిసారి విజేత యయ్యెను. ఆనాడు బోయిడ్ మూడు గోలులు చేసెను. అతనికొరకు వెచ్చించిన ధనమంతయు ఆ యొక్క దినమునకే చెల్లినదని మావారనుకొందురు. కాని ఆ దినమున ఉత్తమ క్రీడాకారుడని పతకము నందినవాడు జేసన్ జొహానిసెన్. డ్రాఫ్టున ఎవరును ఎంచుకొననివారినుండి ఏరుకొను రూకీ జాబితాలో వచ్చినవా డతడు. అట్టివారే మరికొందరు ఆ జట్టున నుండిరి. మోకాటి గాయముచేత అంతిమపోటీలో ఆడలేకపోయిన నాయకుడు బాబ్ మర్ఫీని బెవరిడ్జ్ వేదికమీదికి పిలిచి, విజేతల శిక్షకునిగా తనకు వచ్చిన పతకమును అతని మెడలో వేసెను. నాయకుడు విడిచిపోయిన జట్టు రెండేండ్లలో ఇట్టి జట్టయ్యెను. గ్రిఫెన్ పోకున్నచో ఇది జరిగియుండెడిదా? చెప్పజాలను. అతడు పోవుటవలన మేము నశింపలేదని మాత్రము ధైర్యముగా చెప్పుదును.

కథకు మరియొక ముఖము కలదు. బోయిడ్ 2019లో, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, ఒప్పందము ముగియకముందే ఆట విరమించెను. తన మనోవ్యథను గూర్చి అతడు బహిరంగముగా మాటలాడెను. పదునెనిమిదవ యేట మొదటి ఎంపిక, పందొమ్మిదవ యేట 70 లక్షల పేరు. ఆ పేరు ఆ పిల్లవాని వీపున ఎంత బరువో గ్యాలరీలో కూర్చున్న మావంటివారికి తెలియలేదు. మార్పిడి ఋతువున మేము పేర్లను చదరంగపు పావులవలె జరిపి ఆనందింతుము. పావులకు నిదురపట్టని రాత్రు లుండవు, ఆటగాండ్రకు ఉండును.

నా వాదమునకు బలమైన ప్రతివాదము లేకపోలేదు. ఎవరికి వారు వెడలిపోవుచుండినచో చిన్న క్లబ్బులు పెద్ద క్లబ్బులకు నారుమడులగును. బలహీనమైనవి చివరకు మాసిపోవును. 1996లో ఫిట్జ్‌రాయ్ క్లబ్బు బ్రిస్బేన్ జట్టుతో కలసిపోయి తన ఊరును కోల్పోలేదా అందురు. ఈ భయము నాకు పరాయిది కాదు. 1989లో మా ఫుట్‌స్క్రేనే ఫిట్జ్‌రాయ్‌తో కలిపివేయ నిశ్చయించిరి. పశ్చిమపు పేటల జనము వీధులలో చందాలు పోగుచేసి క్లబ్బును నిలుపుకొనిరి. కాని గమనింపుడు: ఆ రెండు క్లబ్బులను ఆపదలో పడవేసినది అప్పులు, పరిపాలన, లీగు విస్తరణ విధానము. పిల్లల సంకెలలు బిగించుట ఆ రోగమునకు మందు కాదు. జీతముల పరిమితి, డ్రాఫ్టు, ఆదాయమును న్యాయముగా పంచుట అనునవే మందు. ఇంకొక సంగతి. 1989లో క్లబ్బును కాపాడిన విధేయత అభిమానులది. అది జీతము పుచ్చుకొనని విధేయత, అందుచేతనే గొప్పది. దానిని జీతగానినుండి బలవంతముగా రాబట్టజూచుట దానిని చిన్నబుచ్చుటయే.

ఇటీవలి కాలమున మా జట్టును వీడినవారు లేకపోలేదు. 2016 విజేతలలో ఒకడైన జోష్ డంక్లీ 2022 చివర బ్రిస్బేన్‌కు పోయి, 2024లో అచట విజయము పొందెను. 2024 చివర బెయిలీ స్మిత్ జీలాంగ్ చేరెను. నాకు బాధ కలుగలేదా? కలిగినది. బాధ అభిమాని హక్కు. అతడు మా స్తంభముల కెదురుగా తన్నునపుడు బంతి ప్రక్కకు పోవలెనని కోరుటయు మా హక్కే. తిట్టుట మాత్రము హక్కు కాదు.

నేడు ఒప్పందములోనున్న ఆటగాని సమ్మతి లేనిదే క్లబ్బు అతనిని మరియొకచోటికి మార్పరాదను నియమ మున్నది. ఆటగాండ్రకు స్వేచ్ఛ పెరిగినది గనుక క్లబ్బులకును వారిని ఇష్టానుసారముగా పంపు అధికార మీయవలెనని కొందరు వాదించుచున్నారు. ట్రెలోర్ వంటి సంఘటన సమ్మతి నియమము ఉండగనే జరిగినది. అదియు లేనిచో ఏమగునో ఊహింపవచ్చును. ఆ నియమమును సడలింపరాదు. ఇల్లు విడిచి దూరదేశమునకు పోవు పదునెనిమిదేండ్లవారికి, శరీరమునకు ఇచ్చు శిక్షణతో సమానముగా మనస్సునకు ఆసరా నిచ్చుట క్లబ్బుల విధి కావలెను.

అభిమానులకు నా మనవి చిన్నది. అక్టోబరులో ఎవరు వచ్చిరి, ఎవరు పోయిరి అని లెక్కించుటకు ముందు, ఉన్నవారికి ఎవరు నేర్పుచున్నారు, ఏమి నేర్పుచున్నారు అని అడుగవలెను. ప్రతి యేట తరగతిలోని మేటి విద్యార్థి పై చదువులకు వెడలిపోవును. మంచి ఉపాధ్యాయుడు అతనిని ద్రోహి యనడు; జూన్ నెలలో కొత్తగా వచ్చి కూర్చున్న పిల్లల ముఖములవంక చూచి పాఠ మారంభించును.